ఏడిళ్ళ బియ్యం

రంగూన్‌లో కొండలు లేవు. ఉన్నవల్లా ఫ్లైఓవర్లే. మా తమ్ముడు సూరి వాటినే కొండలనుకుని తొక్కేవాడు. ఆ ఎండాకాలమంతా వీపుకి బియ్యం బస్తా కట్టుకుని, పోలీసులు లేని చోటు చూసుకుని, మింగళాడోన్ దాకా ఎక్కడ ఎత్తు కనిపిస్తే అక్కడ ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. ఇన్సేన్‌లో మా ఇంటికి తిరిగొచ్చేసరికి చొక్కా పిండితే బకెట్టు నిండేలా ఉండేది.

"బస్తా మొయ్యడానికి సైకిలెందుకురా? మీ తాత రేవులో ఉత్తినే మోసీవోడు" అని వీధిలో వేళాకోళం చేసేవారు.

సూరి నవ్వి ఊరుకునేవాడు. పిచ్చి సైకిలోడని పేరు పడింది. పడనీ అనుకున్నాం. వాణ్ణి పిచ్చివాడనుకున్నంత కాలం వాడి పని మీద ఎవరి కన్నూ పడదు.

అసలు పని ఇది. దేశంలోకి విదేశీయులు వచ్చే రోజుల్లో సూరి వాళ్ళని సైకిళ్ళ మీద షాన్ కొండల్లో తిప్పేవాడు. రాళ్ళ దారిలో సైకిల్ మీద ఎలా నిలబడాలో, ఎక్కడ బ్రేకు వదిలెయ్యాలో వాడికి పుట్టుకతో వచ్చినట్టు వచ్చేది. సైన్యం గద్దెనెక్కి దేశం తలకిందులయ్యాక వచ్చేవాళ్ళు రావడం మానేశారు. కంపెనీ మూతపడింది. గైడుగారు పంక్చర్లు వేసుకునే మెకానిక్కయ్యాడు. అప్పట్లో ఇటలీ నుంచి వచ్చిన ఒకావిడ మాత్రం వీణ్ణి మరిచిపోలేదు. వాళ్ళ ఊరు మంచు కొండల మధ్య లోయలో ఉంది. అక్కడొక సైకిల్ దారి ఇటలీలో మొదలై, కనుమ ఎక్కి, స్విట్జర్లాండులోకి దిగుతుంది. ఎండాకాలంలో ఆ దారిన జనాన్ని నడిపించడానికి మనిషి కావాలి, వస్తావా అని కబురు పెట్టింది.

ఆ దారి వీడియో మా ఇంటిల్లిపాదీ చూశాం. ఫోనుని పప్పు డబ్బాకి ఆనించి, దాని ముందు మేం నలుగురం చాప మీద. నాన్న కన్నయ్య, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయినవాడు. అమ్మ సన్యాసమ్మ. సూరి, నేను. నా పేరు రాధాకుమారి, కానీ ఇంట్లో నన్నా పేరుతో ఎవరూ పిలవరు. మా వైపు అక్కని అప్ప అంటారు, సూరికి నేను అప్పని.

సైకిల్ తొక్కేవాడి నెత్తి మీద కెమెరా ఉన్నట్టుంది. పచ్చగడ్డి కొండలు, వాటి పైన మంచు, పక్కనే నురగలు కక్కుతూ ఏరు. దారి మనిషి వెడల్పు కూడా లేదు. ఒక పక్క లోయ. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ ఆవులేటిరా, మెళ్ళో గంటలు కట్టుకుని దేవుడి ఆవుల్లాగున్నాయి?"

"మామూలు ఆవులేనమ్మా. పాలిస్తాయి."

కాసేపటికి నాన్న అడిగాడు. "బోర్డరు ఎప్పుడొస్తాదిరా?"

"దాటిపోనాం నానా."

"ఎప్పుడు?"

సూరి వెనక్కి జరిపి చూపించాడు. గడ్డిలో మోకాలెత్తు రాయి, దాని మీద వెలిసిపోయిన రంగు. సైకిల్ చక్రం దాని పక్కనుంచి చల్లగా వెళ్ళిపోయింది.

"గేటేదీ?"

"నేదు."

"జవానో?"

"నేడు. ఎవడూ ఉండడు."

"మరి ఎవడి దేశం ఎవడిదో ఎలగ తెలుస్తాదిరా?"

"రాయి సూసుకోవాల."

నాన్న ఆ ముక్క మళ్ళీ మళ్ళీ వేయించుకు చూశాడు. వర్క్‌షాపు గేటు దాటాలంటే రోజూ జేబులు తడిమించుకున్న మనిషి. "ఇదేటి దేశమురా" అని ఒకటే నవ్వు. ఇంట్లో అందరం అలా నవ్వడం అదే ఆఖరు.

ఆ ఏడే సైన్యంలో చేరి తీరాలన్న చట్టం అమల్లోకొచ్చింది. మా వార్డు ఆఫీసులో చీటీలు తీసేవారు. పేరొచ్చిన కుర్రాడు మూట కట్టుకోవాలి. వార్డుకి ఇన్ని తలలని పైనుంచి లెక్క. ఏ తలన్నది వాళ్ళకి పట్టదు, లెక్క సరిపోవాలి. దాంతో వీధిలో కుర్రాళ్ళు ఒక్కొక్కరే మాయమైపోయారు. ఒకడు థాయ్‌లాండు, ఒకడు మేనమామ ఊరు, ఒకడు ఎక్కడికెళ్ళాడో వాళ్ళమ్మకే తెలియదు. సూరికి ఇరవయ్యారు. ఆ లోయలో దారి వాడికిక సరదా కాదు. అది దొరికితే వాడు బతుకుతాడు, దొరక్కపోతే వాడి చేతికి తుపాకీ ఇచ్చి ఎవడి మీదికో తోలతారు. వీసా వచ్చింది. జూన్ మొదట్లో విమానం. మా నలుగురికి తప్ప ఐదో చెవికి ఈ మాట సోకకూడదని నేను గట్టిగా చెప్పాను. నేను చౌక్తడాలో కోర్టుకి ఎదురుగా ఒక వకీలు దగ్గర టైపు చేస్తాను. నోరు జారి జైలుకెళ్ళినవాళ్ళ కథలు టైపు చేసీ చేసీ నా వేళ్ళు అరిగాయి.

అందరూ తలూపారు. అమ్మ అందరికన్నా గట్టిగా ఊపింది.

ఒక శుక్రవారం సాయంత్రం పని నుంచి వచ్చేసరికి దేవుడి గూటి కింద పసుపు గుడ్డలో మూట కనిపించింది. విప్పి చూస్తే బియ్యం. సన్నవీ దొడ్డువీ, ఒక పిడికెడు ఎర్రవీ, అన్నీ కలిసిపోయి. మా వాళ్ళకి ఒక ఆచారం ఉంది. బిడ్డ దూరం వెళ్తున్నాడంటే తల్లి తలారా స్నానం చేసి, చేట పట్టుకుని ఏడిళ్ళకి వెళ్ళి బిచ్చమెత్తాలి. ప్రతి గడపలోనూ మొక్కు ఎందుకో నోరు విప్పి చెప్పాలి. చెప్పకుండా తీసుకున్న గింజ దొంగ గింజ, దాన్ని నూకాలమ్మ ముట్టదు. బిడ్డ గడప దాటాక మూడో శుక్రవారం ఆ బియ్యం వండి, ఇచ్చిన ఏడిళ్ళవాళ్ళకీ పెట్టాలి. సముద్రం దాటి వచ్చిన మా ముత్తవ్వలు ఏమేం పారేసుకున్నారో గానీ, దీన్ని మాత్రం భద్రంగా మోసుకొచ్చారు.

"అమ్మా, ఎవరింటికెల్లేవు?"

"మనోళ్ళిళ్ళకే. జోగి ఇల్లు, ఎంకటరాజు ఇల్లు, మూర్తి ఆళ్ళ ఇల్లు..." వేళ్ళు మడుస్తూ చెప్పుకొచ్చింది. "ఆఖర్న మూల మీద కొట్టు వాసుదేవరావుగారిల్లు."

"ఏటని సెప్పేవు?"

"ఉన్నదే సెప్పేను. మా గుంటడు మంచు కొండలు దాటి ఇంకో దేశం ఎల్తన్నాడు, నూకాలమ్మ సల్లగా దాటించాల అని."

"ఎవుళికీ సెప్పొద్దన్నాను గదా!"

అమ్మ నా వైపు చూసిన చూపులో బెదురు లేదు, చిన్నపిల్లకి చెబుతున్న ఓపిక ఉంది. "మనుషులకి సెప్పనేదే. మొక్కు సెప్పుకున్నాను. అమ్మోరి కాడ దాపరికమేటి? దాసి అడిగితే కొండ మీద నా బిడ్డ కాలు జారితే ఎవుళు పట్టుకుంటారు?"

వాసుదేవరావు కొడుకు చిన్నబ్బాయి పేరు అంతకు కొద్ది రోజుల ముందే చీటీలో వచ్చింది. వాడు ఎక్కడో బంధువుల ఇంట్లో దాక్కున్నాడని అందరికీ తెలుసు. కొట్టు తలుపు సగమే తెరిచి ఉండేది. ఆ ఇంటికి వెళ్ళి, నా కొడుకు తప్పించుకుపోతున్నాడు, దీవించండి అని చెప్పి వచ్చింది మా అమ్మ.

"ఆయన పెళ్ళాం మణిమాలమ్మ ఎంత మంచిదో" అంది అమ్మ. "కళ్ళనీళ్ళు ఎట్టుకుని రెండు దోసిళ్ళు పోసింది."

నేను అరిచాను. పళ్ళు నూరాను. సూరి వచ్చి సంగతి విని, బియ్యంలో చెయ్యి పెట్టి కెలికి, నవ్వేశాడు.

"పోనీలే అప్పా. అందరూ మనోళ్ళే గదా."

మనవాళ్ళే. ఆ మాట అంత తేలిగ్గా అనగలిగినవాణ్ణి ఇంకొకణ్ణి నేను చూడలేదు.

ఇంకో వారంలో ప్రయాణమనగా, పొద్దున్నే సూరీ నాన్నా కలిసి సైకిల్ విప్పుతున్నారు. పెట్టెలో సర్ది విమానంలో వెయ్యాలి. ముందు చక్రం నాన్న ఒళ్ళో ఉంది. హ్యాండిల్ తీసి గుడ్డ చుట్టి ఉంది. అమ్మ పొయ్యి దగ్గర, నేను బస్సుకి బయల్దేరబోతూ గుమ్మంలో. వార్డు ఆఫీసు గుమస్తా, అతని వెనక మరో ఇద్దరు వచ్చారు. ముగ్గురూ చెప్పులు బయటే విడిచారు. మర్యాద మర్యాదే.

"కో సూరి, ఒకసారి ఆఫీసు దాకా వచ్చి వెళ్ళు" అన్నాడు గుమస్తా బర్మీస్‌లో, పేరు ముందు మర్యాదకి కో తగిలించి.

"ఏం పని, అన్నా?"

"ఒక సంతకం. అయిదు నిమిషాలు." అతని చూపు పెట్టె మీద పడింది. "సైకిల్ ఎక్కడికి?"

"అమ్మేస్తున్నాను."

"మంచి సైకిలే" అన్నాడు.

అమ్మ వాళ్ళకి టీ ఇచ్చింది. తాగారు. బాగుందన్నారు కూడా. సూరి చేతులకంటిన గ్రీజు లుంగీకి తుడుచుకుని లేచాడు.

"నానా, ఆ బేరింగు ముట్టకు. నాను వొచ్చి సూస్తాను."

రబ్బరు చెప్పులతో వెళ్ళాడు. నేను బస్సు అందుకోవాలి కనక వాళ్ళ వెనకే వీధి చివరి దాకా నడిచి, అటు తిరిగిపోయాను. వెనక్కి తిరిగి చూడలేదు. అయిదు నిమిషాలన్నారు కదా.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాన్న ఆ చక్రం ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుని ఉన్నాడు. నేను వార్డు ఆఫీసుకి పరిగెత్తాను. గుమస్తా కుర్చీ చూపించాడు.

"ట్రైనింగుకి పంపాం. గర్వించాల్సిన విషయం."

"వాడి పేరు చీటీలో రాలేదు గదా!"

"దేశం వదిలి పోవాలనుకునేవాళ్ళకి చీటీ అక్కర్లేదు." ఆ మాటలో కోపమేమీ లేదు. "మీ వీధి వంతు పూర్తయింది. ఇక ఎవరూ భయపడక్కర్లేదని అందరికీ చెప్పు."

మర్నాడు మా వకీలుని అడిగాను. ఇన్నేళ్ళుగా ఆయన చెప్పిందల్లా టైపు కొట్టాను, ఒక్క దారి చెప్పలేరా అని. ఆయన కళ్ళజోడు తీసి తుడిచాడు. "చట్టం గురించి అడుగమ్మా, ఎంతయినా చెబుతాను" అన్నాడు.

ఆ సాయంత్రమే ఉల్లిపాయలకని మూల మీద కొట్టుకి వెళ్ళాను. తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. తక్కెడ దగ్గర చిన్నబ్బాయి కూర్చుని ఉన్నాడు. తల దువ్వుకుని, శుభ్రంగా, ఎప్పుడూ ఎక్కడికీ వెళ్ళనివాడిలా. నన్ను చూసి లేచి లోపలికి పోయాడు. వాసుదేవరావు వచ్చాడు. ఎండుమిరపకాయ తొడిమ కూడా ఊరికే ఇవ్వని మనిషి. ఉల్లిపాయలు తూచి, పైన ఇంకో నాలుగు వేసి, నేను చాచిన నోటు వైపు చూడనైనా చూడలేదు.

"ఉంచుకో తల్లీ. మన మజ్జిన డబ్బులేటి."

నేను ఉల్లిపాయలు అక్కడే వదిలేసి వచ్చాను.

నాన్నని పెరట్లోకి తీసుకెళ్ళి కొట్లో చూసింది చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. నా చెయ్యి పట్టుకున్నాడు.

"మీ అమ్మకి సెప్పకు. తన నోటితోనే కొడుకుని అప్పజెప్పేనని తెలిస్తే అది బతకదు."

అలా మేమిద్దరం అమ్మ దగ్గర నటించడం మొదలుపెట్టాం. సూరి ఎవరి కంటో పడ్డాడని చెప్పాం. పెట్టె చూసి అనుమానించారని చెప్పాం. అమ్మ ఏం చెప్పినా ఊఁ అనేది. సగం విప్పిన సైకిల్ చుట్టూ తుడిచేది, దాన్ని జరపనిచ్చేది కాదు. పొరుగువాళ్ళు పరామర్శకి వచ్చి కూర్చునేవారు. మణిమాల కూడా వచ్చింది. అమ్మ భుజం మీద తల పెట్టి నిజంగానే ఏడ్చింది. దొంగ ఏడుపైతే నాకు తేలికగా ఉండేది. అది నిజం ఏడుపు. కొడుకు దక్కినందుకో, మా కొడుకు పోయినందుకో, అది ఆవిడకే తెలియాలి.

వానలు పట్టాయి. ఒక ఆదివారం ఎవరిదో ఫోన్ నుంచి సూరి మాట్లాడాడు. అమ్మా నాన్నా కూడా వినేలా ఫోన్ చాప మీద పెట్టాను. పక్కన ఎవరో ఉన్నారని వాడి గొంతే చెబుతోంది.

"బాగున్నాను. తిండి బాగానే ఎడతన్నారు. బేగి పంపించీసేరు, ఇక్కడంతా కొండలే అప్పా."

"ఏ కొండలు?"

"బోర్డరు కాడ. పైకెక్కితే అవతల దేశం కనిపిస్తంది. పచ్చగా ఉంది. దారి మీంచి పక్కకి మాత్రం అడుగెయ్యకూడదంట. నిన్న మా ముందు నడిచినోడు ఏసేడు."

ఆ తరవాత ఏమైందని మేమెవరం అడగలేదు. మందుపాతరల సంగతి ఈ దేశంలో పసిపిల్లలకి కూడా తెలుసు. నాన్న లేచి వర్షంలోకి వెళ్ళిపోయాడు. అమ్మ ఫోన్ మీదికి వంగి, "నాయినా, ముందు నడవకురా" అంది. లైను అప్పటికే పోయింది.

వాడు గడప దాటాక మూడో శుక్రవారం వచ్చింది. అమ్మ బియ్యం మూట దించింది.

"ఇప్పుడు మొక్కేటమ్మా?" అన్నాను. "ఆడు ఎల్లింది ఆ కొండలకి కాదు గదా."

"ఎలగెల్లినా ఎల్లేడు గదే. ఏడిళ్ళ బియ్యం ఇంట్లో ఉంచుకోకూడదు."

వీధి చివర నూకాలమ్మ గుడి. రేకుల కప్పు, ముందు చిన్న పందిరి. వాన రేకుల మీద కురుస్తుంటే పందిట్లో అరటాకులు వేశాం. బిచ్చం వేసిన ఏడిళ్ళవాళ్ళూ వచ్చారు. రాకపోతే అమ్మవారి కోపం ఇంటికి తగులుతుంది, ఆ భయం మా అందరిదీ. వాసుదేవరావు కొత్త లుంగీ కట్టుకుని వచ్చాడు, వెనక మణిమాల, ఆ వెనక చిన్నబ్బాయి. వీధి మొత్తం వాళ్ళకి దారిచ్చింది. అందరికీ తెలుసు. అందరికీ కొడుకులున్నారు, ఎక్కడో దాక్కుని.

మొక్కు అన్నంలో మొదటి ముద్ద వెళ్ళిన బిడ్డది. బిడ్డ ఎదురుగా లేడు కనక వాడి ఈడు మగపిల్లవాణ్ణి ఒకణ్ణి పీట మీద కూర్చోబెట్టి, తల్లి కాళ్ళు కడిగి, బొట్టు పెట్టి తినిపిస్తుంది. అమ్మ చెంబు పట్టుకుని నిలబడి పంక్తి ఆ చివర నుంచి ఈ చివరకి చూసింది. ముసలివాళ్ళున్నారు, ఆడవాళ్ళున్నారు, చంటిపిల్లలున్నారు. ఆ ఈడు కుర్రాడు మా వీధి మొత్తానికి ఒక్కడే మిగిలాడు.

"రా బాబూ" అని పిలిచింది అమ్మ.

చిన్నబ్బాయి తండ్రి వైపు చూశాడు. వాసుదేవరావు ఆకు వైపు చూసుకుంటున్నాడు. వాడు వచ్చి పీట మీద కూర్చున్నాడు. అమ్మ వంగి, వాడి పాదాలు రెండూ కడిగింది. కొంగుతో తుడిచింది. నేను పరిగెత్తి ఆ చెంబు లాగేసుకుందామనుకున్నాను. నాన్న నా మణికట్టు పట్టుకుని ఉన్నాడు. అమ్మకి తెలియదు, తెలియనియ్యకూడదు, అదే మా ఇద్దరి బాధ.

అమ్మ బొట్టు పెట్టింది. ముద్ద కలిపి వాడి నోటి దగ్గర పట్టుకుంది.

"తిను నాయినా. నీ బదులు మావోడు ఎల్లేడు. ఆడి బదులు నువ్వు తిను."

గొంతు పెంచలేదు. కానీ పందిరంతా విన్నది. నాన్న చెయ్యి నా మణికట్టు మీంచి జారిపోయింది. అంటే ఆవిడకి మొదటినుంచీ తెలుసు. మేం నేర్పుగా అల్లిన ప్రతి అబద్ధానికీ ఊఁ కొడుతూ, ఒక్కతే ఆ నిజాన్ని మోసింది. మణిమాల మొహం చేతుల్లో దాచుకుంది. చిన్నబ్బాయి నోరు తెరవలేదు, పీట మీంచి లేవనూ లేదు.

"తిను" అంది అమ్మ మళ్ళీ. "ఇది నువ్వు ఒదిలేస్తే ఆడికి తగులుతాది."

వాడు నోరు తెరిచాడు. అమ్మ పెట్టింది. మరొకటి కలిపింది. ఒక్కొక్క ముద్దా వాడు మింగేదాకా ఆగి, మళ్ళీ కలుపుతూ, ఆకులో మెతుకు లేకుండా తినిపించింది. వాడు ఏడుస్తూనే తిన్నాడు. కళ్ళనీళ్ళు అన్నంలో పడుతుంటే అది కూడా కలిపి పెట్టింది. చూస్తూ నిలబడ్డాను. జాలి పడాలనే అనుకున్నాను. ఇరవై రెండేళ్ళవాడు, వాడేం చేశాడు, వాళ్ళ నాన్న చేస్తే. రాలేదు. ఆ తరవాత సూరి దగ్గర్నుంచి ఫోనూ రాలేదు, నాకా జాలీ రాలేదు.